మెర్వ్ లేని బ్యాలెట్

మెల్బోర్న్‌కి దూరంగా గోధుమ పొలాల మధ్య ఉన్న మా వీరాంగ్ ఊరి నడివీధిలో, రొట్టెల దుకాణానికీ పశువుల మందుల షాపుకీ మధ్య మా ఎమ్మెల్యే ఆఫీసు ఉండేది. అద్దం మీద మెర్వ్ నోస్కె అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది గానీ, తలుపు తోసుకుని లోపలికి వెళ్తే కనబడే మనిషి గ్లెనిస్ ట్రెలోర్. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కళ్లద్దాలు గొలుసుకి కట్టి మెడలో వేసుకుంటుంది. వచ్చినవాళ్లని ఏం పని మీద వచ్చారని అడిగే అలవాటు ఆమెకి లేదు. "కూర్చో. మీ అమ్మ తుంటి ఎముక అతికిందా?" అని అడిగేది. అమ్మ తుంటి గురించి చెప్పడం అయ్యేసరికి సగంమంది వచ్చిన పని మర్చిపోయేవాళ్లు. ఆమే గుర్తుచేసేది.

గ్లెనిస్ అంతకుముందు బ్యాంకులో పనిచేసేది. మెల్బోర్న్‌లో కూర్చున్నవాళ్లెవరో మా ఊరి బ్యాంకు మూసేశారు. సరిగ్గా ఆ ఏడే గోధుమ రైతు మెర్వ్ మొదటిసారి గెలిచాడు. మూసేస్తున్న బ్యాంకులోకి వచ్చి, కౌంటరు మీద మోచేతులానించి, "అమ్మాయ్, నాకు టైపు రాదు, ఓపికా లేదు. నీకు రెండూ ఉన్నాయి. సోమవారం నుంచి వచ్చెయ్" అన్నాడు. ఇంటర్వ్యూ అంటే అదే.

ఆమె మొగుడు లెన్ లారీ తోలేవాడు. పెర్త్ వైపు లోడు వేసుకెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు మహానుభావుడు. ఆ కబురు తెలిసిన రోజు కూడా గ్లెనిస్ తొమ్మిదింటికి ఆఫీసు తెరిచింది. ఊరంతా పరామర్శకని ఏదో ఒక పని పెట్టుకుని వెళ్లాం. అందరి పనులూ చేసిపెట్టింది, లెన్ మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. పిల్లల్లేరు. ఆ బల్లా ఆ ఫోనూ తీసేస్తే ఆమె బతుకులో మిగిలేది ఇంట్లో ఒక ముసలి కుక్క.

మెర్వ్ గొప్ప వక్త కాడు. అసెంబ్లీలో ఏం మాట్లాడేవాడో మాకెవరికీ తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ మా ప్రాంతంలో ఎవరు పోయినా శవపేటిక వెనక మెర్వ్ ఉండేవాడు. ఫుట్‌బాల్ క్లబ్బులో టీ, తొంభయ్యేళ్ల ముసలమ్మ పుట్టినరోజు, నిప్పంటుకున్న గడ్డివాము, ఎక్కడ చూసినా మెర్వే. పేరుపెట్టి పిలిచేవాడు, మేమూ పేరుపెట్టే పిలిచేవాళ్లం. అతని భుజం వెనక గ్లెనిస్ నిలబడి, "ఇతను ఎర్న్ గారి రెండో అల్లుడు, బోరు పర్మిషన్ మనం ఇప్పించాం" అని చెవిలో ఊదేది. ఎన్నికలొస్తే మేం తమకి ఓటేస్తున్నామని పార్టీ అనుకునేది. పిచ్చి పార్టీ! మేం మెర్వ్‌కి వేసేవాళ్లం.

ఆ మెర్వ్‌కి మతిమరుపు మొదలైంది. ముందు చిన్న చిన్నవే. కళ్లద్దాలు, తాళాలు. గ్లెనిస్ సర్దుకొచ్చింది. చెవిలో ఒకసారి ఊదే పేరు కాస్తా రెండుసార్లు ఊదేది, మూడుసార్లు ఊదేది. తర్వాత ఒక రోజు పశువుల సంతలో ఒక తల్లి ఎదురైంది. ఆమె కొడుకు అంతకుముందు వేసవిలో ట్రాక్టరు బోల్తా పడి పోయాడు. ఆ పిల్లాడి పేటికని మోసినవాళ్లలో మెర్వ్ ఒకడు.

"ఏమ్మా, మీవాడెలా ఉన్నాడు? ఇంకా బంతి ఆడుతున్నాడా?" అన్నాడు మెర్వ్ నవ్వుతూ.

ఆ తల్లి మెర్వ్‌ని చూసింది, వెనకున్న గ్లెనిస్‌ని చూసింది. "బానే ఉన్నాడు మెర్వ్. అడిగావని చెప్తాలే" అని గొర్రెల దొడ్డివైపు నడిచి వెళ్లిపోయింది.

గ్లెనిస్ ఆ సాయంత్రమే మెర్వ్ ఇంటికి వెళ్లింది. మెర్వ్ షెడ్డులో ఉన్నాడు. భార్య బెరిల్ పొయ్యి దగ్గర నారింజ మార్మలేడ్ జామ్ కలుపుతోంది.

"బెరిల్, మెర్వ్ చేత ఇంక చాలనిపించాలి" అంది గ్లెనిస్.

బెరిల్ గరిటె ఆపలేదు. "నీకెప్పుడు తెలిసింది?"

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయినేడు. మన పెళ్లిరోజెప్పుడే అనడిగాడు. నా జన్మలో ఆ మనిషి దాన్ని గుర్తుపెట్టుకున్నది లేదు. గుర్తులేదని గుర్తొచ్చి అడుగుతుంటే భయమేసింది." బెరిల్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మరి నీ ఉద్యోగమో?"

"అది తర్వాత సంగతి."

తర్వాత సంగతేమీ కాదు, అదే అసలు సంగతి. ఎమ్మెల్యే దిగిపోయిన రోజే అతని ఆఫీసు మనిషి ఉద్యోగం కూడా పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఉంచుకుంటే ఉంటుంది, లేకపోతే లేదు. అరవైకి దగ్గరపడ్డ ఆడమనిషికి వీరాంగ్‌లో ఇంకో ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? ఆ సంగతి గ్లెనిస్‌కి తెలిసే ఆ ఇంటి మెట్లెక్కింది.

మెర్వ్ రాజకీయాలు వదిలేస్తున్నాడనీ, మనవలతో గడపాలనుకుంటున్నాడనీ పేపర్లో వేశారు. ఆ నాలుగు ముక్కలు టైపు చేసింది గ్లెనిసే. చేస్తున్నప్పుడు ఆమెకి బాధ కలగలేదు, భయమూ కలగలేదు. పన్ను పీకేముందు మత్తు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో అలా ఉంది. మనదే గానీ మనది కాదు. ఒకటి రెండు రోజుల్లో పోతుందిలే అనుకుంది. వారాలు గడిచినా పోలేదు. తిన్నది, నిద్రపోయింది, ఫోన్లెత్తింది. కుక్క చచ్చిపోతే పెరట్లో గొయ్యి తీసి పూడ్చిపెట్టి, చేతులు కడుక్కుని ఆఫీసుకి వచ్చింది.

పార్టీవాళ్లకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. మెల్బోర్న్ ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి కాళ్లు బారజాపుకుని, "ఈ సీటు మన జేబులోది. కంచె గుంజని నిలబెట్టినా గెలుస్తుంది" అన్నాడు. గుంజకి బదులు టామ్సిన్ వీలన్‌ని నిలబెట్టారు. పంటల సలహాదారు, పక్కూరి పిల్ల, తెలివైనది, మంచిది కూడా. ఆ మాట చెప్పుకోవాలి. వచ్చిన మొదటిరోజే గ్లెనిస్ బల్ల ముందు కూర్చుని, "నేను గెలిస్తే నువ్వు ఎక్కడికీ వెళ్లడానికి వీల్లేదు. నీ కుర్చీ నీదే, ఆఫీసు కూడా ఇక్కడే" అంది. గ్లెనిస్ తలూపింది. సంతోషించాలని తెలుసు. సంతోషం ఎక్కడుందో వెతికితే దొరకలేదు.

ఇక అవతలివైపు నిలబడ్డవాడు గార్త్ పెంగెలీ. మా జిల్లా కౌన్సిల్ పెద్ద. ఏ పార్టీవాడూ కాదు, అందరివాడినంటాడు. మెర్వ్ ఉన్నన్నాళ్లూ నోరెత్తే ధైర్యం లేదు. మెర్వ్ దిగిపోతున్నాడన్న మర్నాడే తన బొమ్మ ప్రతి కంచెకీ వేలాడదీశాడు.

టామ్సిన్ ఇల్లిల్లూ తిరిగింది. కాళ్లరిగేలా తిరిగింది. తలుపు తీసినవాళ్లు టీ ఇచ్చేవాళ్లు, కేకు పెట్టేవాళ్లు, చివర్న అందరూ అదే అడిగేవాళ్లు: "బాగుంది గానీ అమ్మాయ్, మెర్వ్ ఎందుకు నిలబడట్లేదు? పార్టీవాళ్లు గెంటేశారా?"

"గెంటలేదండీ, తనంతట తనే..."

"మెర్వా? తనంతట తనా? చాల్లే చెప్పొచ్చావు."

సాయంత్రానికి ఆ పిల్ల ఆఫీసుకి వచ్చి చెప్పులు విడిచి మూలకి విసిరేది. "గ్లెనిస్, నేను పెంగెలీతో పోటీ చెయ్యట్లేదు. మెర్వ్‌తో చేస్తున్నాను" అనేది.

అది వినే గ్లెనిస్‌కి ఆ ఆలోచన వచ్చింది. మా ఓటింగులో పోటీచేసే ప్రతివాళ్ల పేరు పక్కనా ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలు వెయ్యాలి. ఆ వరస చెప్పే కార్డుల్ని బూత్ గేటు దగ్గర పార్టీలవాళ్లు పంచుతారు. మేం ఆ కార్డు చేత్తో పట్టుకుని వెళ్లి, చూసి రాసేస్తాం. ఆలోచించే పని లేదు. ఆ కార్డు మీద మెర్వ్ బొమ్మ వేస్తే?

"మెర్వ్ నవ్వుతూ ఉన్న బొమ్మ, పెద్దది. కింద టామ్సిన్‌కి ఒకటో నంబరు అని. మెర్వే చెప్తున్నట్టుంటుంది" అంది గ్లెనిస్.

"మరి నా మొహం?" అంది టామ్సిన్.

"నీ మొహం వాళ్లకింకా అలవాటు కాలేదు తల్లీ. వచ్చేసారి వేసుకుందువుగాని."

బాగానే ఉంటుందన్నారు అందరూ. మెల్బోర్న్ పెద్దమనిషైతే భలే భలే అన్నాడు. మెర్వ్ బొమ్మ ఎంత పెద్దదయిందంటే, టామ్సిన్ పేరు అతని చొక్కా బొత్తాం దగ్గర ఇరుక్కుని కూర్చుంది.

పోలింగ్ రోజు పొద్దున్నే ఎండ మొదలైంది. కోతల కాలం, ఒళ్లంతా ఈగలు. ప్రాథమిక పాఠశాల గేటు లోపల పిల్లల తల్లులు ఉల్లిపాయలు వేయిస్తూ, సాసేజీలు బ్రెడ్డులో చుట్టి అమ్ముతున్నారు. తలుపులు తియ్యగానే మెర్వ్, బెరిల్ వచ్చి ఓటేశారు. మెర్వ్ ఆ పూట ఎంతో బాగున్నాడు. గ్లెనిస్‌ని చూసి, "ఏం అమ్మాయ్, మొహమలా పెట్టావు? ఎవరు పోయారు?" అని వేళాకోళం ఆడాడు. బెరిల్ గేటు పక్కన మడతకుర్చీ వేసి కూర్చోబెట్టింది. చేతిలో కార్డుల కట్ట పెట్టి, "ఊరికే ఇస్తూ ఉండు. ఏం మాట్లాడకు" అంది.

మెర్వ్ మాట్లాడకుండా ఉంటాడా? మొదట బాగానే ఇచ్చాడు. ఎండ ఎక్కేకొద్దీ మనిషి అలిసిపోయాడు, పాత అలవాటు పైకొచ్చేసింది. వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని, "ఈసారి కూడా మీరే చూసుకోవాలి నన్ను. మర్చిపోకండేం!" అనడం మొదలుపెట్టాడు. చేతిలో అతని బొమ్మే ఉన్న కార్డు. జనం పకపకా నవ్వి, "నిన్ను మర్చిపోతామా మెర్వ్!" అని లోపలికి వెళ్తున్నారు. వాళ్ల నవ్వులు చూసి గ్లెనిస్ పని జరుగుతోందనే అనుకుంది.

పన్నెండు కాకముందే ముసలావిడ ఐవీ చేతికర్ర తాటించుకుంటూ బయటికి వచ్చింది. "గ్లెనిస్! ఆ ఎన్నికలవాళ్లకి బుర్రుందా అసలు? కాగితం మీద మెర్వ్ పేరు అచ్చెయ్యడం మర్చిపోయారు! నువ్వేం కంగారుపడకు, కింద నేనే ఒక గడి గీసి, మెర్వ్ పేరు రాసి, ఒకటి వేసేశాను. మా వెనకాల వాళ్లకీ చెప్పాను."

గ్లెనిస్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "మరి టామ్సిన్‌కో, ఐవీ?"

"ఆ పిల్లకి రెండు వేశాలే. మంచి పిల్ల."

గ్లెనిస్ క్యూ వెంట పరిగెత్తింది. "టామ్సిన్‌కి ఒకటి, కాగితం మీదున్న పేర్లకే అంకెలు, ఇంకేమీ రాయొద్దు" అని ఒక్కొక్కరి దగ్గరా చెప్పుకుంటూ వెళ్లింది. ఒక రైతు టోపీ వెనక్కి తోసి, "నువ్వు చెప్పేదొకటి, మెర్వ్ చెప్పేదొకటి. అదుగో, అక్కడ కూర్చుని ఈసారీ నేనేనంటున్నాడు. మెర్వ్ నిలబడ్డాడా లేదా? ఏదో ఒకటి చెప్పవేం?" అన్నాడు. పదిమంది తలలు ఇటు తిరిగాయి.

ఒక్క మాట చాలు. మెర్వ్‌కి మతి పోయింది, అతనేమంటున్నాడో అతనికే తెలీదు, పట్టించుకోకండి అంటే సరిపోతుంది. ఓట్లు నిలబడతాయి, కుర్చీ నిలబడుతుంది. మెర్వ్ అక్కడ ఎవరి పసిపాపకో గడ్డం కింద చక్కిలిగిలి పెడుతున్నాడు. బెరిల్ ఇటే చూస్తోంది. ఆ చూపు గ్లెనిస్‌కి అర్థమైంది.

"నిలబడలేదు. హాస్యమాడుతున్నాడు. మెర్వ్ సంగతి నీకు తెలీదా?" అంది గ్లెనిస్.

"హాస్యమా! బొమ్మ కూడా హాస్యానికే వేశారా?" అని ఆ రైతు కార్డు ఊపుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

బెరిల్‌ని పిలిచి మెర్వ్‌ని ఇంటికి తీసుకెళ్లమంది. మెర్వ్ వెళ్తూ వెళ్తూ కారు కిటికీలోంచి కూడా చేతులు ఊపాడు. మధ్యాహ్నం వచ్చేది పొలాల్లోంచి వచ్చే కుర్రకారు, వాళ్లలో సగం పెంగెలీ వైపు. మావాళ్లు, మెర్వ్ వాళ్లు, ఎప్పుడూ పొద్దున్నే వచ్చి వేసేస్తారు. వేసేశారు.

ఆరింటికి తలుపులు మూశారు. బడి హాల్లో బల్లలు కలిపి పెట్టెలు బోర్లించారు. పార్టీ తరఫు కౌంటింగ్ ఏజెంటుగా గ్లెనిస్ బల్ల ఇవతల నిలబడింది. ఏజెంట్లు చూడొచ్చు, అభ్యంతరం చెప్పొచ్చు, కాగితాన్ని ముట్టుకోకూడదు. ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. అధికారి మాజీ టీచరు యూనిస్ కాబ్. ఆవిడ ఒక్కో కాగితం విప్పి, చదివి, కట్టలుగా వేస్తోంది. మొదటి గుప్పెట్లోనే వచ్చింది. కింద వంకరగా గీసిన గడి, మెర్వ్ నోస్కె, పక్కన ఒకటి. పైన టామ్సిన్‌కి రెండు.

"అభ్యంతరం. ఓటరు ఉద్దేశం తెలుస్తోంది కదా, యూనిస్" అంది గ్లెనిస్.

"తెలుస్తోంది. నిలబడని మనిషికి వేశారని తెలుస్తోంది. నిలబడ్డవాళ్లలో ఎవరికీ ఒకటి లేదు, రెండు నుంచి మొదలైంది. చెల్లదు గ్లెనిస్. నాకు మాత్రం ఇష్టమా చెప్పు?"

తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. మెర్వ్, మెర్వ్, మా మెర్వ్, మెర్వ్ నోస్కె గారు. ఒకరైతే పక్కన పువ్వు గీశారు. అన్నిట్లోనూ టామ్సిన్‌కి రెండు. గ్లెనిస్ మొదట్లో ప్రతిదానికీ అభ్యంతరం చెప్పింది. తర్వాత తలూపింది. ఆ తర్వాత అదీ మానేసింది. చెల్లని కట్ట లావవుతుంటే ఎవరిదో ఇంటి సామాను లారీకెక్కుతుంటే చూస్తున్నట్టు చూసింది. ఈ బూత్‌లో మెజారిటీ రాకపోతే పెంగెలీని ఇంకెక్కడా ఆపలేరు. మిగతా ఊళ్ల లెక్కలు తేలడానికి వారం పట్టింది గానీ, గ్లెనిస్‌కి ఆ హాల్లోనే తెలిసిపోయింది. పోయింది అనుకుంది. అనుకున్నా ఏమీ అనిపించలేదు.

బల్ల మీద ఆఖరికి మిగిలిన కాగితాల్లో ఒకటి విప్పి యూనిస్ ఆగిపోయింది. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివింది.

"గ్లెనిస్... నువ్వు నిలబడ్డావని నాకు తెలీదే" అంది.

పెంగెలీ ఏజెంటు మెడ సాచి చూసి కిసుక్కుమన్నాడు. కాగితం కింద స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఒక గడి. పక్కన గ్లెనిస్ ట్రెలోర్ అని పేరు, గడిలో ఒకటి. టామ్సిన్‌కి రెండు, పెంగెలీకి ఆఖరి అంకె. ఎడమకి వాలిపోయిన ఆ చేతిరాత చూసి ఇన్నేళ్లూ ఎన్ని ఉత్తరాలు టైపు చేసిందో గ్లెనిస్‌కే తెలీదు. పొద్దున తలుపులు తియ్యగానే, మతి ఇంకా తిన్నగా ఉన్నప్పుడు వేసిన ఓటది.

"అభ్యంతరమేమైనా ఉందా?" యూనిస్ మెల్లగా అడిగింది.

గ్లెనిస్ వెనక్కి కట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. "లేదు. చెల్లదు" అంది.

యూనిస్ దాన్ని కట్ట మీద పెట్టింది. తర్వాతి కాగితం దాన్ని కప్పేసింది.

హాల్లోంచి బయటికి వచ్చేసరికి, వేసవి పొద్దు కాబట్టి, ఇంకా వెలుతురుంది. గేటు దగ్గర బెరిల్ కారు ఆగి ఉంది. "ఇంట్లో కూర్చోనంటున్నాడు. ఫలితం తెలియాల్సిందేనట" అంది బెరిల్. మెర్వ్ కిటికీ అద్దం దించాడు. మాసిన చొక్కా మార్చి, కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని తయారై వచ్చాడు.

"ఏం అమ్మాయ్, నీకెన్ని పడ్డాయి?"

గ్లెనిస్ బెరిల్ వంక చూసింది. బెరిల్‌కేమీ అర్థం కాలేదు.

"ఒకటి, మెర్వ్."

"ఒకటేనా!" మెర్వ్‌కి నిజంగానే కోపమొచ్చింది. మెడ ఎర్రబడింది. "ఇన్నేళ్లు పనంతా నువ్వు చేస్తే ఒకటేనా? సిగ్గులేని ఊరు! ఎవడా ఒక్కడు? పేరు చెప్పు. వాడికి నేను బీరు పోయిస్తాను."

"రహస్య ఓటు కదా మెర్వ్. ఎవరేశారో మనకెలా తెలుస్తుంది?"

"అదీ నిజమేలే" అన్నాడు మెర్వ్. కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. ఓడిపోయిన ప్రత్యర్థితో ప్రతి ఎన్నికల్లోనూ అలాగే మర్యాదగా చెయ్యి కలిపేవాడు. "బాగా పోరాడావు. వచ్చేసారి చూద్దాం" అన్నాడు.

బెరిల్ కారు తీసింది. గ్లెనిస్ అక్కడే గేటు పట్టుకుని నిలబడి, ఉల్లిపాయల పెనం కడుగుతున్న తల్లులందరూ చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చింది.